కథ ముందా, బొమ్మ ముందా?

తెలుగు కథల పుస్తకం ఏదైనా చేతిలోకి తీసుకుని మొదటి నాలుగు పేజీలు తిప్పండి. రచయిత పేరు, కాపీరైటు, ప్రచురణకర్త చిరునామా, ప్రతులు దొరికే చోట్లు, వెల, అచ్చేసిన ప్రెస్సు పేరు అన్నీ ఉంటాయి. వీటి మధ్య ఎక్కడో చిన్న అక్షరాల్లో 'ముఖచిత్రం', 'లోపలి బొమ్మలు' అని ఒక లైను. కొన్ని పుస్తకాల్లో ఆ లైను కూడా ఉండదు. పిల్లల పుస్తకాల్లో సగం చోటు బొమ్మలదే. అయినా అక్కడా పరిస్థితి పెద్దగా మారదు.

ఆ లైను అంత చిన్నగా ఎందుకుందో తెలియాలంటే పుస్తకం తయారయ్యే వరస చూడాలి. ముందు కథలు. తర్వాత డీటీపీ. ఆ తర్వాత ప్రూఫులు, ముందుమాటలు. ఇవన్నీ అయ్యాక, ఆవిష్కరణ సభకు హాలు కూడా మాట్లాడుకున్నాక, 'ఇంక బొమ్మలొక్కటే మిగిలాయి' అనుకుంటారు. అప్పుడు ఆర్టిస్టుకు ఫోను వెళ్తుంది. వెనకాలే కథ పీడీఎఫ్‌గా వెళ్తుంది. టైం లేకపోతే కథకు బదులు రెండు వాక్యాల సారాంశం వెళ్తుంది. బొమ్మ తిరిగొస్తుంది. పేజీలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చుంటుంది. బొమ్మ వేసేవాళ్ళకు పేజీ ఎట్లా ఉండబోతుందో తెలియదు. పేజీ పెట్టేవాళ్ళకు బొమ్మలో ఏముండబోతుందో తెలియదు. ఎడిటర్ అనే మనిషి ఒకరు ఉన్నా, వాళ్ళిద్దరి మధ్య కొరియర్ పని చేస్తుంటారు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా దగ్గర ఈ పద్ధతికి వాటర్‌ఫాల్ అని పేరు. పై వాళ్ళ పని పూర్తయి కింద వాళ్ళ మీద పడుతుంది. కింద వాళ్ళకు తోచిన మాట పైకి ఎక్కదు. ప్రాజెక్టు చివర్లో 'ఇది మొదట్లోనే చెప్పాల్సింది' అని అందరూ అనుకుంటారు. ఈ పద్ధతిని మా వాళ్ళు వదిలించుకోవాలని చూడబట్టి ఇరవై ఏళ్ళు దాటింది. తెలుగు పుస్తకం మాత్రం ఇంకా దాని మీదే నడుస్తోంది.

మన దగ్గర ఎప్పుడూ ఇట్లాగే జరిగిందని అనుకుంటే మాత్రం పొరపాటు. కథ తెలిసినవాళ్ళూ, బొమ్మ తెలిసినవాళ్ళూ మొదటి నుంచీ ఒకచోట కూర్చుని పని చేసిన సందర్భాలు తెలుగు నేల మీద ఉన్నాయి. వాటిలో కొన్నిటిని వరసగా చూద్దామని ఈ వ్యాసం.

పటం చెప్పేవాళ్ళు, పటం రాసేవాళ్ళు

అచ్చు యంత్రం రాకముందు తెలంగాణలో బొమ్మల పుస్తకం ఉండేది. దాన్ని తిప్పేవాళ్ళు కాదు, విప్పేవాళ్ళు. చేర్యాల నకాషీ పటాల పేరు ఇప్పుడు హస్తకళల ఎగ్జిబిషన్లలో వినిపిస్తుంది. ఫ్రేము కట్టిన చిన్న బొమ్మలుగా, మాస్కులుగా, కీచైన్లుగా అమ్ముతున్నారు. అసలు పటం వేరు. గజం వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవు ఉన్న ఖద్దరు గుడ్డ. దానికి గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఆరబెట్టి, ఎర్రటి నేల మీద అడ్డంగా గళ్ళు గళ్ళుగా కథ రాసేవాళ్ళు. గడికీ గడికీ మధ్య పూల అంచు. పై నుంచి కిందికి విప్పుతుంటే కథ నడుస్తుంది.

ఈ పటం నకాషీ తనంతట తాను రాసి బజారులో పెట్టేది కాదు. దీన్ని రాయించుకునేవాళ్ళు కథ చెప్పే కులాల వాళ్ళు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్ళు, గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందెచ్చుల వాళ్ళు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగల వాళ్ళు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలి వాళ్ళు. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, ఆ పురాణానికి ఒక పటం, ఆ పటాన్ని ఊరూరూ తిప్పి చెప్పే హక్కు ఒక కుటుంబానిది. కొత్త పటం కావలసినప్పుడు వాళ్ళు నకాషీ ఇంటికి వచ్చి కథ వినిపించేవాళ్ళు. ఏ ఘట్టం ఉండాలి, ఏది లేకపోయినా నడుస్తుంది, ఎక్కడ జనం ఏడుస్తారు, ఎక్కడ పళ్ళెంలో డబ్బులు పడతాయి అనేది చెప్పేవాడికి తెలుసు. ఎన్ని గళ్ళు పడతాయి, గుంపును ఎట్లా చూపాలి, రాత్రి దీపం వెలుగులో దూరం నుంచి ఏ రంగు కనబడుతుంది అనేది రాసేవాడికి తెలుసు. రెండు తెలివిడులూ కలవకపోతే పటం లేదు.

ఇందులో నాకు ముఖ్యంగా తోచేది ఒకటుంది. కథ మొత్తం పటం మీద ఉండదు. మొత్తం ఉంటే చెప్పేవాడితో పని లేదు. కథ మొత్తం పాటలోనే ఉన్నా కుదరదు, అప్పుడు పటంతో పని లేదు. సగం గుడ్డ మీద, సగం గొంతులో. ఈ వాటా ఎట్లా వేసుకోవాలన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోవలసిన సంగతి. ఇవ్వాళ బొమ్మల పుస్తకం గురించి ఏ దేశంలో వర్క్‌షాపు పెట్టినా మొదటి రోజు చెప్పే పాఠం ఇదే. మాట చెప్పిందే బొమ్మ మళ్ళీ చెప్పకూడదు, బొమ్మ చూపించింది మాట చెప్పక్కర్లేదు.

పటంలో దేవతల కళ్ళు చివరికి దిద్దేవాళ్ళు. పూజ చేసి కళ్ళు తెరిపిస్తేగానీ పటం ఇల్లు కదిలేది కాదు. పాడైపోయిన పాత పటాన్ని చెత్తలో వేయరు, మనిషికి చేసినట్టే చేసి నీళ్ళలో కలుపుతారు. ఒక పుస్తకానికి ఇంతకన్నా మర్యాద ఏముంటుంది?

చందమామ ఆఫీసు

1947 జూలైలో మద్రాసులో బి. నాగిరెడ్డి, చక్రపాణి 'చందమామ' మొదలుపెట్టారు. తెలుగు, తమిళం ఒకేసారి. తర్వాత తర్వాత డజను భాషలు దాటాయి. దాని గురించి మన దగ్గర రాసిన వ్యాసాల్లో ఎక్కువ భాగం చిన్నప్పటి జ్ఞాపకాలే. ఆ ఆఫీసు ఎట్లా పని చేసేదన్నది తక్కువ మంది పట్టించుకున్నారు.

చందమామలో కథలకూ బొమ్మలకూ ఇళ్ళు వేరు కాదు. జీతం మీద పనిచేసే సంపాదక వర్గం ఉంది, జీతం మీద పనిచేసే చిత్రకారుల వర్గమూ ఉంది. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు అక్కడ ఉన్నారు. పత్రిక మీద ఆయన పేరు సంపాదకుడిగా ఉండదు. కానీ పాఠకులు పంపిన కథలు ఆయన చేతిలో తిరగరాయబడి, ఒకే గొంతుతో బయటికి వచ్చేవి. దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్ రాసేవారు. మరోవైపు ఎం.టి.వి. ఆచార్య, చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య. నలుగురివి నాలుగు రకాల గీతలు. కథకు తగ్గ చెయ్యి ఎవరిదో ఎంచుకునే వీలు ఆ ఆఫీసుకు ఉంది.

ఇక్కడ ఇంకో పరిస్థితి పని చేసింది. అదే బొమ్మ అన్ని భాషల్లోనూ అచ్చవ్వాలి. తెలుగులో తయారైన కథ హిందీలో ఒక పొడుగు వస్తుంది, తమిళంలో ఇంకో పొడుగు వస్తుంది. బొమ్మ మాత్రం కదలదు. అంటే పేజీలో స్థిరమైనది బొమ్మ. మాటలు దాని చుట్టూ సర్దుకోవాలి. మామూలు పత్రికలో బొమ్మ మాటలకు లోబడి ఉంటుంది, ఇక్కడ కొంతవరకు తిరగబడింది. చందమామ వాక్యం అంత పొట్టిగా, నిక్కచ్చిగా ఉండటానికి కుటుంబరావు శైలి ఒక కారణమే. కానీ పేజీలో సగం బొమ్మకు పోయాక మిగిలిన చోటు కూడా ఒక కారణమని నా అనుమానం. రాజు ఎట్లా ఉన్నాడో, కోట ఎంత ఎత్తో శంకర్ గీసేశాక కథకుడు దాన్ని వర్ణించాల్సిన పని లేదు. 'ఒక రాజు ఉండేవాడు' అంటే చాలు.

దాసరి సీరియల్స్‌లో ఈ వాటా ఇంకా బాగా కనబడుతుంది. 1954లో 'తోకచుక్క'తో మొదలై ఏళ్ళ తరబడి నడిచిన ఆ జానపద నవలల్లో రెండు తలల జంతువులూ, నరభక్షకులూ, వింత కొండజాతులూ వస్తాయి. రచయిత పేరు పెట్టి వదిలేస్తాడు. దానికి శరీరం ఇచ్చేది చిత్ర. ఒకసారి ఆ శరీరం వచ్చాక, వచ్చే నెల భాగంలో ఆ జంతువు ఎట్లా నడవాలో, ఎక్కడ దెబ్బ తినాలో ఆ బొమ్మ కూడా చెబుతుంది. నెలనెలా వచ్చే సీరియల్‌లో బొమ్మ రచయిత దగ్గరికి వెనక్కి వస్తుంది. వాటర్‌ఫాల్ పైకి ఎక్కే చోటు అదే.

పాఠకుల చేత కూడా చందమామ ఈ ఆట ఆడించింది. ఫోటో వ్యాఖ్యల పోటీ గుర్తుందా? రెండు ఫోటోలు ఇచ్చి, రెండింటినీ కలిపే మాటలు రాయమనేవాళ్ళు. బొమ్మ ముందు, మాట తర్వాత. పోస్టుకార్డు మీద రాసి పంపిన ప్రతి పిల్లాడూ ఒక బొమ్మల పుస్తకానికి ఒక పేజీ ఎడిట్ చేసినట్టే.

అయితే చందమామ పద్ధతికి ఒక హద్దు ఉంది. అక్కడ గీసిన ఊరు ఏ ఊరూ కాదు. మాది మాడుగులపల్లి. నల్లగొండ నుంచి మిర్యాలగూడ పోయే రోడ్డు మీద, 2016లో మండలం అయిన ఊరు. మా వైపు పాత గడీలు, గూన పెంకుల ఇళ్ళు, రైసు మిల్లులు, పత్తి చేలు ఉన్నాయి. చందమామలో రాజుగారి కోట, బ్రాహ్మణుడి ఇల్లు, షావుకారు కొట్టు, పేదవాడి గుడిసె ఉండేవి. గుడిసెలో ఉన్నవాడు ఎవరు, ఏం పని చేస్తాడు, ఏం తింటాడు అనేది బొమ్మ చెప్పదు. 'పేదవాడు' అంటే చాలు. అన్ని భాషలకూ నప్పాలంటే ఏ ఒక్క చోటికీ చెందకూడదు. అది ఆ పత్రిక బలం. బలం ఉన్నచోటే లోటు కూడా ఉంది. ఆ లోటు దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఒకే ఆఫీసులో ఇద్దరు

చందమామ ఒక ఫ్యాక్టరీ అయితే, బాపు రమణలది రెండు కుర్చీల దుకాణం. ముళ్ళపూడి వెంకటరమణ మొదటి కథ 1945లో, న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి నడిపిన 'బాల' పత్రికలో వచ్చింది. బాపు బొమ్మలూ ఆ పత్రికలో వచ్చాయి. అంటే వీళ్ళిద్దరూ పిల్లల పత్రికలోనే పని మొదలుపెట్టిన పిల్లలు. 1950ల నడుమ నాటికి ఇద్దరూ ఆంధ్రపత్రికలో ఉన్నారు, ఒకరు ఉపసంపాదకుడిగా, ఒకరు కార్టూనిస్టుగా. 1956లో వారపత్రికలో 'బుడుగు' మొదలైంది.

'బుడుగు'లో చెప్పేది బుడుగే. తన గొడవ తానే చెప్పుకునే పిల్లాడు తన ముఖం ఎట్లా ఉంటుందో చెప్పడు. అద్దం ముందు నిలబడి వర్ణించుకోవడం పెద్దవాళ్ళ నవలల్లో జరిగే పని. కాబట్టి బుడుగు రూపం మొత్తం బొమ్మ చేతిలో ఉంది. సీగానపెసూనాంబ కూడా అంతే. శ్రీ జ్ఞానప్రసూనాంబ పేరు పిల్లాడి నోట్లో పడి అట్లా అయింది. పేరు రమణది, మనిషి బాపుది. ఇవ్వాళ ఆ పేరు వింటే మనకు ముందు గుర్తొచ్చేది వాక్యమా, గీతా? చాలామందికి గీతే.

ఇంకో చిక్కు కూడా ఉంది. పిల్లాడు పెద్దవాళ్ళను చూసి చెప్పే మాటల పక్కన, పెద్దవాళ్ళు పిల్లాడిని చూసి ముచ్చటపడే బొమ్మ వేస్తే కథ పాడవుతుంది. బొమ్మ కూడా పిల్లాడి వైపే ఉండాలి. ఈ సంగతి ఎవరు ఎవరికి చెప్పారో మనకు అనవసరం. పక్క పక్క కుర్చీల్లో కూర్చునేవాళ్ళు ఇట్లాంటివి ఉత్తరాలు రాసుకుని తేల్చుకోరు. టీ తాగుతూ తేల్చుకుంటారు.

అప్పటి అచ్చు సంగతి కూడా కలుపుకోవాలి. లెటర్‌ప్రెస్‌లో బొమ్మ వేయాలంటే బ్లాకు చేయించాలి, బ్లాకుకు డబ్బు కావాలి. నీడలూ ఛాయలూ ఉన్న బొమ్మకు హాఫ్‌టోన్ బ్లాకు, ఉత్త గీతకు లైన్ బ్లాకు. న్యూస్‌ప్రింటు మీద హాఫ్‌టోన్ మసకబారేది, గీత నిలబడేది. బాపు గీత ఆ కాగితాన్ని ఎరిగిన గీత. ఆర్టిస్టుకు ప్రెస్సు తెలియడం అంటే ఇదే. చివరికి ఆయన చేతిరాత కూడా గీతలో భాగమైపోయింది. బొమ్మ కింద అక్షరాలు కంపోజింగ్ కేసులోంచి రాలేదు, అదే కలంలోంచి వచ్చాయి. తర్వాత అది కంప్యూటర్ ఫాంటు కూడా అయింది. మాటకూ బొమ్మకూ మధ్య గోడ ఇంత పలచబడిన సందర్భం తెలుగులో ఇంకోటి లేదు.

వాళ్ళు సినిమాకు వెళ్ళాక కూడా పద్ధతి మారలేదు. 1967లో 'సాక్షి'తో మొదలుపెట్టి రమణ రాసింది బాపు ముందు స్టోరీబోర్డుగా గీసుకుని తీశారు. 'బాపు రమణ' అని ఇద్దరి పేర్లూ ఒక్కటిగా పలకడం మనకు ఎంత అలవాటైందంటే, పుస్తకం మీద రచయిత, చిత్రకారుడు సమాన సైజులో ఉండటం వింతగా అనిపించని ఏకైక చోటు అదే.

రాదుగ నుంచి వచ్చిన పాఠం

1980ల్లో మన ఇళ్ళకు ఇంకో రకం బొమ్మల పుస్తకాలు వచ్చాయి. మాస్కో రాదుగ ప్రచురణలు, విశాలాంధ్ర దుకాణాల్లో అతి తక్కువ ధరకు. ఉప్పల లక్ష్మణరావు, ఆర్వియార్ వంటివాళ్ళ అనువాదాలు. మనం ఆ పుస్తకాల తెలుగునూ, మంచునూ, ఎలుగుబంట్లనూ గుర్తుపెట్టుకున్నాం. వాటి వెనక ఉన్న పని పద్ధతిని గుర్తుపెట్టుకోలేదు.

రాదుగ అంటే ఇంద్రధనుస్సు. అదే పేరుతో 1920ల్లో పెట్రోగ్రాడ్‌లో ఒక ప్రైవేటు ప్రచురణ సంస్థ ఉండేది. కవి సమ్యూల్ మార్షాక్, చిత్రకారుడు వ్లదీమిర్ లెబెదెవ్ కలిసి చేసిన 'సర్కస్', 'ఐస్‌క్రీమ్' వంటి పుస్తకాలు అక్కడివే. తర్వాత లెనిన్‌గ్రాడ్‌లో ప్రభుత్వ ప్రచురణాలయం పిల్లల విభాగానికి మార్షాక్ సాహిత్య సంపాదకుడు, లెబెదెవ్ కళా సంపాదకుడు. ఇద్దరూ సంపాదకులే. ఈ మాట మనం ఆగి ఆలోచించాలి. మన దగ్గర సంపాదకుడు అంటే అక్షరాలు దిద్దే మనిషి. బొమ్మలకు కూడా సంపాదకుడు ఉంటాడని, ఆయనకు కథల సంపాదకుడితో సమానమైన కుర్చీ ఉంటుందని మన ప్రచురణ రంగం దాదాపు ఎప్పుడూ అనుకోలేదు.

అమెరికాలో ఇంకో తీరు. అక్కడ రచయితనూ చిత్రకారుడినీ పనిగట్టుకుని దూరంగా ఉంచే ఆనవాయితీ ఉంది. మధ్యలో ఎడిటర్, ఆర్ట్ డైరెక్టర్ మాట్లాడతారు. రచయిత తన ఊహను చిత్రకారుడి మీద రుద్దకుండా కాపాడటానికి. అయితే ఆ ఎడిటర్ కొరియర్ కాదు. మారిస్ సెండాక్ గుర్రాల దేశం మీద పుస్తకం చేద్దామనుకుని, తనకు గుర్రాలు గీయడం సరిగ్గా రాదని తేలి, వాటిని వింత జీవులుగా మార్చుకున్నాడు. 'వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్' అనే ఆ పుస్తకం 1963లో వచ్చింది. గుర్రాలు పోయి ఇంకేవో వస్తాయంటే సరేనన్న ఎడిటర్, ఉర్సులా నార్డ్‌స్ట్రామ్, ఆ వెనక ఉంది. ఆర్టిస్టు 'ఇది నాకు రాదు' అంటే మన దగ్గర ఇంకో ఆర్టిస్టుకు ఫోను వెళ్ళేది.

తలకాయ కూర ఎవరు గీస్తారు?

చందమామ లోటు దగ్గరికి వస్తాను అన్నాను. 2008లో హైదరాబాదులోని అన్వేషి సంస్థ 'డిఫరెంట్ టేల్స్' పేరుతో 8 పుస్తకాల వరస తెచ్చింది. తెలుగు, మలయాళం, ఇంగ్లిష్ భాషల్లో. దళిత, ముస్లిం, శ్రామిక కుటుంబాల పిల్లల జీవితం నుంచి కథలు. గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు, గోపిని కరుణాకర్, ఎం.ఎం. వినోదిని లాంటి రచయితలు. ఈ పనిలో ఉన్న దీపా శ్రీనివాస్ అమర్ చిత్ర కథల మీద పరిశోధన చేసి ఆ తర్వాత పుస్తకం కూడా రాశారు. ఆ కామిక్కుల్లో ఎవరి శరీరం వీరుడి శరీరంగా గీస్తారో, ఎవరిది రాక్షసుడిదిగా గీస్తారో చదివిన మనిషి. అట్లాంటి మనిషి పిల్లల పుస్తకానికి ఎడిటర్ అయితే బొమ్మలు చివర్లో ఖాళీలు నింపే పని కావు. దీప్తా ఆచార్ ద్వారా బరోడా వైపు చిత్రకళా లోకంతోనూ సంబంధం కలిసింది.

ఖదీర్‌బాబు కథ ఒక ముస్లిం ఇంట్లో తలకాయ కూర వండుకునే రోజు గురించి. ఇంగ్లిష్‌లో 'హెడ్ కర్రీ'. దానికి బొమ్మలు వేసింది గులాం మొహమ్మద్ షేక్. దేశంలో పేరున్న చిత్రకారుల్లో ఒకరు, బరోడాలో పాఠాలు చెప్పినవారు, గుజరాతీ కవి. ఇట్లాంటి ఎంపిక 'బొమ్మలొక్కటే మిగిలాయి' అనుకునే వరసలో జరగదు.

ఇక్కడ ఎడిటర్ ముందున్న చిక్కు ఏమిటో ఆలోచించండి. మామూలు ఆర్టిస్టుకు ముస్లిం ఇల్లు గీయమంటే టోపీ, గడ్డం, నెలవంక వస్తాయి. ఆయన తప్పు కాదు, ఆయన చూసిన బొమ్మల్లో అవే ఉన్నాయి. దళిత పిల్ల అంటే చిరిగిన గౌను, జాలి కళ్ళు. కథ ఒకటి చెబుతుంటే బొమ్మ పాత సంగతే చెబుతుంది. శ్యామల కథలో పదకొండేళ్ళ పిల్ల తెల్లవారకముందే పొలానికి నీళ్ళు పెట్టడానికి పోయి, మీద పడబోయిన దొరను ఎదుర్కొని గెలుస్తుంది. ఆ పిల్లను జాలిగా గీస్తే కథ చచ్చిపోయినట్టే. కాబట్టి బొమ్మ గురించి మాట్లాడటం అంటే ఆ ఇంట్లో గిన్నెలు ఎట్లా ఉంటాయి, పిల్ల ఎట్లా నిలబడుతుంది, పొలం గట్టు ఎంత వెడల్పు అని మాట్లాడటం. ఇవి తెలిసింది రచయితకు. గీయగలిగేది చిత్రకారుడు. ఇద్దరినీ కలిపే పని ఎడిటర్‌ది. మళ్ళీ నకాషీ ఇంటికే వచ్చాం.

ఇదే కాలంలో నవయాన ప్రచురణ సంస్థ కంచ ఐలయ్య పిల్లల కోసం రాసిన 'టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది లాండ్' తెచ్చింది, 2007లో. కుండ చేసేవాళ్ళు, తోలు పని చేసేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, మంగళ్ళు, రైతులు, వాళ్ళ పనిలో ఉన్న జ్ఞానం మీద పుస్తకం. బొమ్మలు గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్‌వి. నాలుగేళ్ళకు ఆమె, సుభాష్ వ్యామ్ కలిసి అంబేడ్కర్ జీవితం మీద 'భీమాయన' చేశారు. కామిక్కు కదా అని గళ్ళలో గీయమంటే వాళ్ళు గళ్ళు వద్దన్నారు. మనుషుల్ని పెట్టెల్లో పెట్టం అన్నారు. గళ్ళకు బదులు పేజీ అంతటా పారే తమ దిగ్నా గీతలతో కథను విడదీశారు. మంచి మాటలకు పిట్ట ఆకారంలో బుడగ, విషపు మాటలకు తేలు కొండి ఉన్న బుడగ పెట్టారు. అంటరానితనం మీద పుస్తకంలో ఎవరి మాట కుడుతుందో చదవకుండానే తెలిసిపోతుంది. ఎడిటర్ 'కామిక్కు రూల్సు ఇవి' అని పట్టుబట్టి ఉంటే ఆ పుస్తకం ఉండేది కాదు.

చెన్నైలో 1994లో మొదలైన తారా బుక్స్ ఇదే పనిని ఇంకా క్రమపద్ధతిలో చేసింది. భజ్జు శ్యామ్ అనే గోండు చిత్రకారుడు లండన్ వెళ్ళొచ్చి చూసింది చెబితే, గీతా వోల్ఫ్, సిరీష్ రావు కూర్చుని విని చేసిన పుస్తకం 'లండన్ జంగిల్ బుక్'. అందులో చిత్రకారుడే రచయిత. ఎడిటర్లు చేసిన పని వినడం.

ఇప్పుడు

తెలుగులో ఇప్పుడు పిల్లల బొమ్మల పుస్తకాలు లేవని కాదు. సికింద్రాబాదు మంచి పుస్తకం వాళ్ళు పాత సోవియట్ పుస్తకాలను మళ్ళీ బతికించారు, కొత్తవి తెచ్చారు, తానాతో కలిసి పోటీలు నడిపారు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు పుస్తకాలు ఉచితంగా చదవొచ్చు. అక్కడ ఉన్న బొమ్మలు తీసుకుని మీ కథ మీరు రాసుకోవచ్చు కూడా. ఇంజనీరుగా నాకు ఆ ఏర్పాటు నచ్చుతుంది. ఏ ముక్కకు ఆ ముక్క విడిగా ఉంటే పదిసార్లు వాడుకోవచ్చు. పుస్తకమే లేని బడికి పుస్తకం చేరుతుంది. కానీ పాఠకుడిగా నాకు తెలిసింది ఏమిటంటే, ఇంకో కథకు కూడా సరిపోయే బొమ్మ ఈ కథకు పూర్తిగా సరిపోదు. బుడుగు బొమ్మ తీసి ఇంకో కథలో పెట్టండి చూద్దాం.

ఇక కృత్రిమ మేధ సంగతి. రెండు వాక్యాల సారాంశం ఇస్తే నిమిషంలో బొమ్మ వస్తోంది. కవర్ల మీద అట్లాంటి బొమ్మలు కనబడుతున్నాయి. నున్నటి ముఖాలు, ఎక్కడివో తెలియని ఊళ్ళు, లెక్క తప్పిన వేళ్ళు. ఆర్టిస్టుల పొట్ట కొడుతున్నారని కోపం వస్తుంది, ఆ కోపం న్యాయమే. కానీ ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. రెండు వాక్యాలు పంపి, శుక్రవారానికల్లా బొమ్మ కావాలనడం మనం యంత్రంతో మొదలుపెట్టలేదు. మనిషితోనే మొదలుపెట్టాం. ఏమీ ఎదురడగకుండా చెప్పింది గీసిచ్చే చెయ్యి మాత్రమే కావాలనుకున్నాం. అది ఇప్పుడు చవగ్గా దొరికింది, తీసుకుంటున్నాం.

యంత్రం చేయలేనిది ఒకటుంది. 'ఈ ఘట్టం గడిలో పట్టదు, దీన్ని నువ్వు పాటలో చెప్పుకో' అనలేదు. 'నాకు గుర్రాలు రావు' అనలేదు. 'మా మనుషుల్ని పెట్టెలో పెట్టం' అనలేదు. పైన చెప్పిన పుస్తకాల్లో మంచివన్నీ ఇట్లాంటి ఎదురు మాట నుంచి పుట్టినవే.

దీనికి పెద్ద సంస్థ అక్కర్లేదు. ఇప్పుడు మన చుట్టూ పదిమంది కుర్రవాళ్ళు సొంతంగా ప్రచురణలు పెట్టారు. కవర్ డిజైన్ గురించి ఇన్‌స్టాగ్రామ్‌లో గంటలు గంటలు మాట్లాడుకునే పాఠకులున్నారు. కావలసినవి మూడు. కథ ఇంకా తడిగా, మార్చుకునేట్టు ఉన్నప్పుడే బొమ్మ వేసే మనిషిని పిలవడం. బొమ్మకు ఇంత అని లెక్కగట్టి పంపేయకుండా పుస్తకం అమ్మిన కొద్దీ వాటా ఇవ్వడం. అట్టమీద రచయిత పేరు ఉన్న సైజులోనే రెండో పేరు వేయడం. మూడోది ఒక్క పైసా ఖర్చు లేని పని. రేపు ప్రెస్సుకు వెళ్ళబోయే పుస్తకంతోనే మొదలుపెట్టొచ్చు.